నరసన్నపేట రాక్‌స్టార్

మన హాస్టల్లో ఏ రూముకి వెళ్ళినా ఎవడో ఒక సింగర్ గురించి వాదన నడుస్తూనే ఉంటుంది. డిలాన్ గొప్పా, మార్లే గొప్పా? ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నారు? పేరు రాకముందు ఏం చేసేవారు? రాత్రి రెండు దాటినా తెగదు. ఇందులో మా శ్రీకాకుళం బ్యాచ్ ఏమీ తక్కువ తినలేదు. కానీ మందసలో బస్సెక్కితే పలాస, టెక్కలి దాటాక నరసన్నపేట వస్తుంది కదా, ఆ చుట్టుపక్కలే పుట్టిన ఒక గాయకుడి గురించి ఎవరూ ఎత్తరు. పేరు చెబితే మాత్రం అందరికీ తెలుసు. గరిమెళ్ళ సత్యనారాయణ. మాకొద్దీ తెల్లదొరతనము అనే పాట రాసినాయన. పాఠ్యపుస్తకం ఆయన్ని కవి అని చెప్పి ఊరుకుంది. ఆ పాటని ఆయనే వీధుల్లో నిలబడి పాడేవారని, అసలు పేరొచ్చిందే అలా అని పెద్దగా చెప్పదు.

1893లో గోనెపాడులో పుట్టారు. పెరిగింది ప్రియాగ్రహారంలో. అప్పటికి శ్రీకాకుళం జిల్లా అనేదే లేదు. మందస, టెక్కలి, నరసన్నపేట అన్నీ గంజాం జిల్లాలోవే. ఇంట్లో డబ్బు లేదు. పరాయివాళ్ళ సాయంతో బి.ఏ. దాకా లాక్కొచ్చారు. ఆ రోజుల్లో బి.ఏ. అంటే చిన్న విషయం కాదు, ఊళ్ళో జనం చూడ్డానికి వచ్చేవారేమో! గంజాం కలెక్టరాఫీసులో గుమాస్తా పని దొరికింది. తర్వాత విజయనగరంలో స్కూల్ టీచరు. టీచర్ ట్రైనింగ్ కోసం రాజమండ్రి వెళ్ళారు. ట్రైనింగ్ పూర్తయితే మంచి జీతం, ఇల్లు, పెన్షన్. మన భాషలో చెప్పాలంటే ప్లేస్‌మెంట్ చేతిలో ఉన్నట్టే.

సరిగ్గా అప్పుడే, 1920లో, గాంధీ సహాయ నిరాకరణకి పిలుపిచ్చారు. కాలేజీలు వదలమన్నారు, కోర్టులు వదలమన్నారు. గరిమెళ్ళ ట్రైనింగ్ వదిలేశారు. ఇంట్లో పరిస్థితి తెలిసి కూడా వదిలేశారు. ఇది గుర్తుపెట్టుకోండి.

పాట వచ్చింది ఆ ఊపులోనే. అది పొడుగైన పాట. ఆకలి, ఉప్పు మీద ఆంక్షలు, సారా, కోర్టు ఖర్చులు, జైళ్ళు, ఒక్కొక్క చరణం ఒక్కో బాధ చెబుతుంది. చరణం అయిపోగానే అదే పల్లవి మళ్ళీ వస్తుంది. పాడేవాడు ఒక్కడే అయినా పల్లవి దగ్గరకొచ్చేసరికి వీధి వీధంతా అందుకోవచ్చు. కాన్సర్ట్‌లో సింగర్ మైకు జనం వైపు తిప్పుతాడు చూడండి, అదే పని ఈ పాట మైకు లేకుండా చేసింది. ఇన్‌ఫ్లుయెన్స్ ఎవరిది అంటారా? నా లెక్కలో పల్లెపాటే. ఆయన చదివింది ఇంగ్లీషు చదువు, పద్యం రాయడమూ వచ్చు. అయినా పద్యం పక్కనపెట్టి, చదువురాని వాళ్ళు కూడా ఒకసారి వింటే పట్టుకోగలిగే బాణీ తీసుకున్నారు. ఆయన గొప్పంతా అక్కడే ఉందని నా అభిప్రాయం.

పాట అచ్చయి ఊళ్ళ మీద పడింది. గోదావరి జిల్లా కలెక్టరు బ్రాకెన్ ఆయన్ని పిలిపించి మొత్తం పాడించుకున్నాడని చెబుతారు. దొరకి తెలుగు రాదు. అయినా ఆ పాడే తీరు విని, ఇది చదువురాని జనాన్ని కూడా లేపేస్తుందని అర్థమైందట. శిక్ష ఒక ఏడాది. పాటల చరిత్రలో ఇంత నిజాయితీగల రివ్యూ ఇంకొకటి ఉండదనుకుంటాను.

బయటికొచ్చాక ఇంటికెళ్ళి కూర్చోలేదు. మళ్ళీ ఊరూరా తిరిగి పాడారు. ఈసారి రెండున్నరేళ్ళు. లోపల ఉండగానే తండ్రి పోయారు. క్షమాపణ రాసిస్తే వదిలేస్తామన్నారు. ఆయన రాయలేదు.

తర్వాతి కథ మన పుస్తకాల్లో రెండు లైన్లలో అయిపోతుంది. నిజానికి అది పాతికేళ్ళ పైమాటే. మద్రాసు చేరి పత్రికల్లో పనిచేశారు. కొన్నాళ్ళు గృహలక్ష్మి, ఇంకొన్నాళ్ళు ఆనందవాణి. ఎక్కడా స్థిరంగా నిలవలేదు. ఉద్యోగం పోతే వ్యాసాలు, అనువాదాలు అమ్ముకుని బతకడమే. ఆదుకునేవాళ్ళలో పెద్దదిక్కు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. 1938లో ఆయనా పోయారు. పాట మాత్రం ఊరేగింపుల్లో మోగుతూనే ఉంది. దానికి రాయల్టీ ఎవడిస్తాడు? అందరిదీ అయిపోయిన పాట, రాసినవాడికి తప్ప అందరికీ పనికొచ్చింది.

1947లో తెల్లదొరతనం పోయింది. మామూలుగా అయితే ఇక్కడ కథ సుఖాంతం కావాలి. గరిమెళ్ళకి ఒక కన్ను పోయింది, పక్షవాతం వచ్చింది. ఆకలి మీద చరణాలు కట్టిన మనిషి స్వతంత్ర దేశంలో, మద్రాసు వీధుల్లో, చేయి చాచి బతకాల్సి వచ్చింది. తెల్లవాడి జైల్లో ఉన్నప్పుడు కనీసం భోజనం పెట్టారు కదా అనిపిస్తుంది నాకు. అన్యాయంగా మాట్లాడుతున్నానేమో గానీ అనిపిస్తుంది.

1952 డిసెంబర్ 15 రాత్రి అదే మద్రాసులో పొట్టి శ్రీరాములు నిరాహార దీక్షలో చనిపోయారు. ఆంధ్ర అంతా భగ్గుమంది. రైళ్ళు ఆగాయి, కాల్పులు జరిగాయి. 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తున్నట్టు ప్రకటించారు. ఈ రెండు తేదీల మధ్య, 18న, గరిమెళ్ళ సత్యనారాయణ పోయారు.