రేడియో డాక్టరు ఛార్లెస్ హిల్

వైద్యుడు సాధారణముగా ఒక్కొక్క రోగిని వేరువేరుగ పరీక్షించి, మందిచ్చి పంపును. ఒక్క ఉదయముననే లక్షలాది గృహములలోని జనులకు, వారి మొగమైనను చూడకయే, ఆరోగ్యమును గూర్చి చెప్పి, ఆ చెప్పినదానిని వారిచే ఆచరింపజేయగలిగిన వైద్యులు లోకమున మిక్కిలి అరుదు. అట్టివారిలో ఇంగ్లండు దేశీయుడగు ఛార్లెస్ హిల్ అగ్రగణ్యుడు. వైద్యవృత్తినుండి రేడియోకును, అందుండి రాజ్యతంత్రమునకును, తుదకు టెలివిజను సంస్థల అధ్యక్షపీఠమునకును నడచిన ఈయన చరిత్రము మన యువజనులు తెలిసికొనదగినది. అందు మెచ్చుకొనదగినవియు, ఆలోచింపదగినవియు గూడ గలవు.

ఛార్లెస్ హిల్ 1904 సంవత్సరము జనవరి 15వ తేదీని లండను నగరమందలి ఇస్లింగ్టనులో జన్మించెను. రెండేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. పితృహీనుడైనను బాలుని చదువు ఆగలేదు. సెయింట్ ఓలేవ్స్ పాఠశాలయందు చదివి, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ట్రినిటీ కళాశాలలో ప్రవేశించి, పిమ్మట లండను ఆసుపత్రియందు వైద్యవిద్య పూర్తిచేసెను. తరువాత ఆక్స్‌ఫర్డు నగరమున ఉప ఆరోగ్యాధికారిగ పనిచేసెను. ఊరి నీరు, పాలు, మురుగుకాలువలు, అంటువ్యాధులు, ఇవి ఆరోగ్యాధికారి చూడవలసిన విషయములు. ఒక్కని రోగమును కుదుర్చుటకన్న పదిమందికి రోగము రాకుండ చేయుట మేలను తత్త్వమే ఆ యుద్యోగమునకు మూలము. 1932లో బ్రిటిష్ వైద్య సంఘమున ఉద్యోగియై, 1944లో ఆ సంఘమునకే కార్యదర్శి అయ్యెను.

1939లో రెండవ ప్రపంచయుద్ధ మారంభమయ్యెను. బ్రిటను ద్వీపము. తినెడు తిండిలో పెద్దభాగము ఓడలమీద రావలసినదే. శత్రువుల జలాంతర్గాములు ఆ యోడలను ముంచుచుండెను. 1940 జనవరినుండి వెన్న, పంచదార మొదలగు పదార్థములకు రేషను విధింపబడెను. దొరకిన కొద్దిపాటి తిండితో బలము చెడకుండ బ్రతుకుట యెట్లో ప్రజలకు నేర్పవలసివచ్చెను. అందులకై బి.బి.సి. వారును, ఆహార మంత్రిత్వశాఖవారును కలసి 1940 జూను నెలలో కిచెన్ ఫ్రంట్ అను కార్యక్రమమును ప్రారంభించిరి. ఉదయము ఎనిమిదిగంటల వార్తల పిమ్మట అయిదు నిమిషములపాటు అది వినబడుచుండెను. హిల్ గొంతు ప్రజలకు పరిచితమైనది ఈ కార్యక్రమముననే.

వైద్యులు తమ పేరును ప్రకటించుకొనరాదని ఆ కాలమున ఆ వృత్తియందు కఠినమైన నియమ ముండెను. కావున ఆయన పేరు చెప్పబడలేదు. రేడియో డాక్టరు అనియే జనులెరుంగుదురు. పేరులేని ఆ నిండుగొంతు దేశమంతట ఇంటిమనిషి గొంతువలె నయ్యెను. దీనికి కారణము ఆయన మాటతీరే. అంతకుముందు రేడియోలో మాటలాడు పండితులు మర్యాదకు వెరచి కడుపునుగూర్చియు, ప్రేగులనుగూర్చియు మాటలాడువారు కారు. ఈయన మలబద్ధమును, అజీర్ణమును, వాయువును వంటింటి భాషలోనే, నవ్వు పుట్టునట్లుగ, అసభ్యము కాకుండ వివరించెను. విరేచనమునకు సాయపడెడి ఎండుప్లమ్ పండ్లకు ఆయన నల్లకోటు తొడిగిన గుమాస్తాల పేరుపెట్టగా దేశమంతయు నవ్వెను. అయితే ఆ నవ్వులో పాఠమొకటి మనస్సున నాటుకొనెను. లాటిను పేర్లతో భయపెట్టుట ఆయన యెరుగడు. తెలియనివారిని ఎగతాళి చేయడు. వినువారు తనకన్న తక్కువవారని తలంపడు. శాస్త్రము తెలిసినవారు పెక్కుమంది యుందురు గాని, శాస్త్రమును సామాన్యుని గడపలోనికి చేర్చగలవారు కొలదిమందియే.

ఇంతవరకు ఆయన చరిత్రము వెన్నెలవలె నున్నది. యుద్ధానంతరమున కష్టమైన ఘట్టము వచ్చెను. 1945లో అధికారమునకు వచ్చిన లేబరు ప్రభుత్వము, ధనికుడనక దరిద్రుడనక అందరికిని ఉచితవైద్య మొసగు జాతీయ ఆరోగ్యవిధానమును స్థాపింప నిశ్చయించెను. 1946లో శాసనమయ్యెను. ఆరోగ్యమంత్రి అన్యూరిన్ బెవన్. ఎదుటిపక్షమున వైద్యసంఘ కార్యదర్శి హిల్. వైద్యులు ప్రభుత్వపు జీతగాండ్రగుదురని సంఘమువారు భయపడిరి. 1948 ఫిబ్రవరిలో సంఘము వైద్యుల అభిప్రాయము సేకరింపగా, ఓటు చేసినవారిలో నూటికి సుమారు 90 మంది ఆ శాసనము తమకు సమ్మతము కాదనిరి. వైద్యులనందరిని పూర్తి జీతగాండ్రనుగ చేయబోమని బెవన్ ఏప్రిల్‌లో అభయమిచ్చిన మీదట ప్రతిఘటన తగ్గెను. మే నెలలో మరల ఓటు జరిగెను. సంఘము తన సభ్యులను చేరుమనెను. 1948 జూలై 5వ తేదీని ఆ విధానము అమలులోనికి వచ్చెను. పిమ్మటి కాలమున మన తెలుగు వైద్యులు పెక్కుమంది సముద్రముదాటి పోయి సేవచేసినది ఆ విధానమునందే.

ఇందు హిల్ చేసినది తగునా తగదా యని నేటికిని తర్కింపవచ్చును. తన వృత్తివారి పక్షమున నిలుచుట కార్యదర్శి ధర్మమే. కాని, ఉదయమున బీదసాదల ఇండ్లలో వినబడి వారి ప్రేమను చూరగొనిన గొంతు, ఆ బీదలకు మేలుచేయు విధానమునకు అడ్డుపడినదని తలంచినవారును గలరు. ప్రజల నమ్మకము వ్యక్తికి చెందిన ఆస్తి కాదు. అది వారు అప్పగించిన నిక్షేపము. దానిని ఏ పనికి వినియోగింపవలెనను ప్రశ్న ఆయనను జీవితాంతము వెంబడించెను.

1945లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ స్థానమునకు స్వతంత్రుడుగ పోటీచేసి ఓడిపోయిన హిల్, 1950లో లూటను నుండి లిబరల్-కన్సర్వేటివు అభ్యర్థిగ పార్లమెంటునకు ఎన్నికయ్యెను. ఆ యెన్నికలలో ఆయన రేడియోలో చేసిన ప్రసంగము దేశమంతట చర్చింపబడెను. వంటింటి వైద్యుని మాటతీరే ఇప్పుడు రాజకీయమున కుపకరించెను. 1951లో ఆహారశాఖలో ఉపమంత్రియై, 1955లో పోస్టుమాస్టరు జనరలు అయ్యెను. రేడియో, టెలివిజనులపై అధికారము ఆ పదవికే యుండెను. ఆ యేడు సెప్టెంబరు 22న స్వతంత్ర టెలివిజను ప్రారంభమయ్యెను. పార్లమెంటులో చర్చకు రానున్న విషయమును పదునాలుగు దినములు ముందుగ ప్రసారములలో చర్చింపరాదను కట్టుబాటును 1955లో లిఖితాజ్ఞగ జారీచేసినది ఈయనయే. మాటవలన పెరిగినవాడు మాటకు సంకెల వేసెనని విమర్శ వచ్చెను. మరుసటి యేటనే ఆ యాజ్ఞ నిలుపుదల చేయబడెను. 1957లో మంత్రివర్గమున చేరి, 1961లో గృహనిర్మాణ, స్థానికపరిపాలన మంత్రియై, 1962 జూలైలో ప్రధాని మాక్‌మిలన్ ఒక్క దినమున తొలగించిన ఏడుగురు మంత్రులలో ఒకడయ్యెను.

పదవి పోయినంతమాత్రమున ఆయన జీవితము ముగియలేదు. 1963లో లూటను ప్రభువుగ పెద్దలసభలో ప్రవేశించి, ఆ యేడే స్వతంత్ర టెలివిజను అధికారసంస్థకు అధ్యక్షుడయ్యెను. 1967లో కంపెనీల అనుమతులను పునర్విమర్శచేసి, కొందరి హక్కును తొలగించి క్రొత్తవారికిచ్చెను. అదే సంవత్సరము ప్రధాని విల్సన్ ఈయనను పోటీసంస్థయైన బి.బి.సి.కి అధ్యక్షునిగ నియమింపగా దేశము విస్తుపోయెను. ఆ సంస్థకు కళ్లెము వేయుటకే ఈ నియామకమని పలువురు తలంచిరి. హిల్ వచ్చిన కొలదికాలమునకే డైరెక్టరు జనరలు హ్యూ గ్రీన్ పదవి విడిచెను.

కాని కళ్లెము వేయువాడని పంపబడినవాడే తుదకు సంస్థకు కోటగోడ యయ్యెను. 1971లో లేబరు నాయకులనుగూర్చి చేసిన చిత్రమొకటి విల్సనుకే ఆగ్రహము తెప్పించెను. 1972 జనవరి 5న ఉత్తర ఐర్లండు సమస్యపై తలపెట్టిన చర్చను మానుకొనుడని హోంమంత్రి మాడ్లింగ్ కోరెను. ఆయన హిల్‌కు స్వపక్షీయుడే. అయినను హిల్ వినక చర్చను ప్రసారము చేయించెను. పదునేడేండ్ల క్రిందట చర్చను ఆపుడని ఆజ్ఞ వ్రాసిన చేయియే, ఇప్పుడు చర్చ సాగవలెనని నిలిచెను. ఈ మార్పే ఆయన జీవితమున గొప్ప సంగతియని మా తలంపు.

1972 చివర పదవీవిరమణ చేసి, 1989 ఆగస్టు 22న హిల్ కీర్తిశేషుడయ్యెను. ఆయన బిరుదములను మరచినను నష్టము లేదు. విద్య నేర్చినవాడు దానిని నేర్వనివారి భాషలో చెప్పవలెననియు, అట్లు చెప్పగా వచ్చిన నమ్మకమును వారి మేలునకే కాపాడవలెననియు ఈ చరిత్రము చెప్పుచున్నది. మన సంఘమునుండి ఏటేట వైద్యులై వెడలుచున్న యువతీయువకులు ఈ రెంటిలో మొదటిదానిని అభ్యసింతురు గాక! రెండవదానిని విస్మరింపకుందురు గాక!