గోడ వెనుక గది

హాలెండు దేశము మన రాజోలు లంకలను జ్ఞాపకము చేయును. ఎటు చూచినను కాలువలు, గట్లు, పల్లపు నేల. అచ్చటి హార్లెం పట్టణములో గడియారములు బాగుచేయు కాస్పర్ టెన్ బూమ్ కుమార్తె కోరీ. 1892 ఏప్రిల్ 15న జన్మించెను. ఆ దేశములో గడియారపు పనికి అనుమతిపత్రము పొందిన మొదటి స్త్రీ ఆమెయే. ఆమెయు అక్క బెట్సీయు పెండ్లాడక తండ్రి యొద్దనే యుండిరి.

1940లో జర్మనులు ఆ దేశము నాక్రమించి యూదులను పట్టుకొనిపోవ మొదలిడిరి. 1942 నుండి ఈ కుటుంబము యూదులను ఇంట దాచెను. దాచుట యొకటి, తిండి పెట్టుట మరియొకటి. రేషను కార్డు లేనిదే రొట్టె లేదు. యూదులకు కార్డులు లేవు. కోరీ పరిచయస్థుడైన ఒక ఉద్యోగి నడిగి నూరు కార్డులు సంపాదించెను. ఇది తగునా అని మనలో కొందరడుగుదురు. ఐగుప్తులోని మంత్రసానుల సంగతి వారు మరల చదువవలెనని మేము కోరుచున్నాము.

కోరీ పడకగదిలో ఇటుకలతో దొంగగోడ కట్టి, వెనుక మనుష్యులు నిలువదగిన చోటు చేసిరి. 1944 ఫిబ్రవరి 28న ఒకడు ద్రోహము చేయగా పోలీసులు వచ్చి సుమారు ముప్పదిమందిని పట్టుకొనిరి. గోడ వెనుకనున్న ఆరుగురు మాత్రము దొరకలేదు. వారు సుమారు రెండు దినములు ఆ యిరుకులోనే యుండి తప్పించుకొనిరి. ఎనుబది నాలుగేండ్ల తండ్రి పది దినములకే చెరలో మరణించెను.

అక్కచెల్లెండ్రను మొదట వూఖ్ట్ శిబిరమునకు, సెప్టెంబరులో జర్మనీలోని రావెన్స్‌బ్రూక్‌కు పంపిరి. పగలంతయు వెట్టిచాకిరి. బరువైన ఇనుపరేకులు మోయవలెను. రాత్రి పడకల నిండ కుట్టెడి పురుగులు. థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక అయిదవ అధ్యాయము చదివి, పురుగుల కొరకు సహా స్తుతింపవలెనని బెట్సీ పట్టుపట్టెను. కోరీకి అది మింగుడుపడలేదు. పిమ్మట తెలిసినదేమనగా, ఆ పురుగులకు వెరచియే కావలివారు లోపలికి వచ్చుట లేదు! అందుచేతనే దాచి తెచ్చిన బైబిలు చుట్టు రాత్రి కూటములు నిరాటంకముగా జరిగినవి.

డిసెంబరు 16న బెట్సీ మరణించెను. నెలాఖరున గుమాస్తా పొరపాటున కోరీ విడుదలాయెను. ఒక వారమునకు ఆమె యీడు స్త్రీలను చంపిరని పిదప తెలిసెను.

1947లో మ్యూనిక్ పట్టణమందలి దేవాలయములో ఆమె క్షమాపణను గూర్చి ప్రసంగించెను. కూటము ముగియగానే ఒకడు చేయి చాచి దగ్గరకు వచ్చెను. వాడు రావెన్స్‌బ్రూక్ కావలివాడు. కోరీ చేయి లేవలేదు. మనస్సులో ప్రార్థించుచు, ఇష్టము లేకయే, మెల్లగా చేయి చాచెను.