కండరశక్తి మర్మమెరిగిన యల్లాప్రగడ సుబ్బారావు

హైదరాబాదు నగరానికి పడమట, మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతాలలో హైటెక్ సిటీ గాజుమేడల నడుమ పెద్ద ఆసుపత్రులు అనేకం వెలిశాయి. గుండెపోటు వచ్చిన రోగిని తెచ్చినప్పుడు అక్కడి వైద్యులు నిమిషాలు లెక్కించుకుంటూ పనిచేస్తారు. రోగి ఆసుపత్రి గడప దాటిన 90 నిమిషాలలోగా, మూసుకుపోయిన హృదయధమనిని తెరవాలని నేటి వైద్యశాస్త్రం నిర్దేశిస్తున్నది. ఇంత త్వర ఎందుకు? ఈ ప్రశ్నకు సమాధానం వెదకబోతే, గుండె వైద్యమే చేయని ఒక తెలుగువాని జీవితం మనకు ఎదురవుతుంది. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో ఒక బీదకుటుంబంలో జన్మించారు. బాల్యంలో ఆయనకు చదువుపై శ్రద్ధ తక్కువ. పదమూడేండ్ల ప్రాయంలో, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనం గడిద్దామని ఇల్లు విడిచి బయలుదేరారు. తల్లి వెంకమ్మ వెనుకకు రప్పించి మరల బడికి పంపింది. మెట్రిక్యులేషను పరీక్ష రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ ఉన్నత పాఠశాలనుండి ఉత్తీర్ణులైనారు.

మద్రాసు వైద్యకళాశాలలో చదివే రోజులలో జాతీయోద్యమం ఆయనను ఆకర్షించింది. శస్త్రచికిత్స సమయంలో ఖద్దరు అంగీ ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురియైనారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టానికి బదులు, అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టమే దక్కినది. స్ప్రూ అనే వ్యాధికి సోదరులిద్దరు బలియైన దుఃఖం ఆయనను పరిశోధనకు పురికొల్పింది. బంధువుల ధనసహాయంతో 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. కొద్ది యేండ్లలో తిరిగివస్తానని భార్య శేషగిరికి చెప్పి వెళ్లారు. ఆ రాక సంభవించలేదు.

బోస్టన్‌లో ఆయన హార్వర్డు విశ్వవిద్యాలయంలో చదువుతూ, పొట్టపోసుకొనుటకు ఒక ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పని చేశారు. తరువాత జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే వద్ద చేరారు. రక్తంలోను, కణజాలంలోను భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని వారిద్దరు 1925లో ప్రకటించారు. అది ఫిస్కే - సుబ్బారావు పద్ధతి పేర నేటికీ ప్రసిద్ధం.

ఆ కొలమానమే వారిని కండరాల రహస్యం వద్దకు నడిపించినది. గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారుటవలననే కండరానికి బలం కలుగుతున్నదని శాస్త్రజ్ఞులు అప్పటికి విశ్వసించేవారు. ఆ పరిశోధనలకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడ లభించి ఉన్నది. ఫిస్కే, సుబ్బారావులు 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుగొన్నారు. కండరం అలసినప్పుడు అది తరిగిపోతున్నది, విశ్రమించినప్పుడు మరల కూడుకొంటున్నది. 1929లో ఏ.టి.పి. అనే మరొక భాస్వర పదార్థాన్ని వేరుచేశారు. అదే యేట జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దానిని స్వతంత్రంగా కనుగొన్నారు. జీవకణాలు చేసే పనులకు ఏ.టి.పి.యే ప్రధానమైన ఇంధనమని తరువాతి శాస్త్రజ్ఞులు నిరూపించారు.

ఈ విషయాన్ని గుండెకు అన్వయించి చూస్తే త్వరకు కారణం బోధపడుతుంది. గుండె రోజుకూలీ వంటిది. ఏ పూట సంపాదన ఆ పూటకే. ఏ.టి.పి. చేతిలోని రొక్కం, ఫాస్ఫోక్రియాటిన్ కొంగున ముడివేసుకొన్న చిల్లర. రక్తం తెచ్చే ప్రాణవాయువు, పోషకాలే దాని సంపాదన. సుమారు 300 గ్రాముల బరువుండే గుండె రోజుకు దాదాపు 6 కిలోల ఏ.టి.పి.ని తయారుచేసి ఖర్చు చేస్తుంది. ఏ క్షణాన చూచినా నిలువ ఉండేది కొద్ది సెకన్లకు చాలినంతే. ధమని మూసుకొన్న ఒక నిమిషంలోపునే ఆ భాగపు కండరం బలహీనపడుతుంది. సుమారు ఇరువది నిమిషాల పిమ్మట కణాలు చనిపోనారంభిస్తాయి. గంటలు గడిచేకొలది ఆ నష్టం విస్తరిస్తుంది. చనిపోయిన కండరం మరల బ్రతకదు.

ఇంతటి కృషి చేసినా హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి లభించలేదు. 1940లో లెడర్లీ ఔషధ సంస్థలో చేరారు. ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లం, బోదకాలు వ్యాధికి హెట్రజాన్, కాన్సరుకు వాడే మెథోట్రెక్సేట్ వెలువడినవి. సోదరులను కబళించిన స్ప్రూ వ్యాధికి ఫోలిక్ ఆమ్లం ఔషధమైనది.

1948 ఆగస్టులో ఒక రాత్రి సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. ఆనాడు గుండెపోటుకు వైద్యులు చెప్పగలిగినది ప్రధానంగా మంచంపై విశ్రాంతియే. కాలినుండి తీసిన సిరతో రక్తానికి క్రొత్తదారి కల్పించే బైపాస్ శస్త్రచికిత్సను 1967లో ఫావలోరో ప్రచారంలోకి తెచ్చారు. సన్నని గొట్టం చివర బుడగను నింపి ధమనిని తెరిచే పద్ధతిని 1977లో గ్రూంట్‌సిగ్ జూరిచ్‌లో ప్రయోగించి సఫలులైనారు. తెరిచిన ధమని మరల మూసుకొనకుండ నిలిపే స్టెంటు 1986లో వచ్చినది. 1990లలో హైదరాబాదులోనే, క్షిపణి శాస్త్రజ్ఞుడు అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణుడు సోమరాజు కలిసి తక్కువ వెలకు స్టెంటును రూపొందించారు. అది కలాం - రాజు స్టెంటుగా పేరొందినది.

1995లో భారత తపాలాశాఖ సుబ్బారావు స్మారకంగా ఒక బిళ్ళను విడుదల చేసింది. గుండెకు రక్తాన్ని మరల అందించే ఉపాయాలలో ఏ ఒక్కటీ ఆయన కల్పించినది కాదు. ఆ రక్తం ఎందుకు అందాలో, ఆలస్యమైతే లోపల ఏది తరిగిపోతుందో తెలుసుకొనే మార్గం చూపినవారిలో ఆయన ఒకరు. మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పిన ఆ భీమవరం బాలుని కథను, పరీక్షాఫలితాల రోజున ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగును.