హిందూపురం పంపిన సభాపతి – శ్రీ నీలం సంజీవరెడ్డి

మన ప్రాంతానికి పేరు తెచ్చిన పెద్దలను ఈ ప్రత్యేక సంచికలో స్మరించుకోవాలనుకున్నప్పుడు ముందుగా గుర్తుకు వచ్చే పేరు శ్రీ నీలం సంజీవరెడ్డి గారిది. రాష్ట్రపతిగా ఆయనను ఎరుగని వారు లేరు. కాని 1967లో ఆయన హిందూపురం నుండి లోక్ సభకు మొట్టమొదటిసారి పోటీ చేసిన సంగతి నేటి పిల్లలకు అంతగా తెలియదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు ఉద్యోగాలు చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనం వారికి చెప్పవలసిన విషయమది.

సంజీవరెడ్డి గారు 1913 మే 19న అనంతపురం జిల్లా ఇల్లూరు గ్రామంలో రైతు కుటుంబంలో జన్మించారు. మద్రాసు అడయారులోని థియొసాఫికల్ హైస్కూలులోను, అనంతపురం ఆర్ట్సు కళాశాలలోను చదివారు. 1929లో గాంధీ మహాత్ముడు అనంతపురం వచ్చారు. ఆ ప్రభావంతో ఖద్దరు ధరించి, 1931లో చదువుకు స్వస్తి చెప్పి ఉద్యమంలో దిగారు. 1938లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ సంఘానికి కార్యదర్శి అయి పదేళ్లు ఆ బాధ్యత మోశారు. మధ్యలో జైలు జీవితం సరేసరి. 1946లో మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు. రాజ్యాంగ సభలోనూ సభ్యులుగా ఉన్నారు.

ఆయన జీవితమంతా పూలబాట అనుకుంటే పొరపాటు. 1952 సాధారణ ఎన్నికలలో సొంత జిల్లా కేంద్రమైన అనంతపురంలోనే ఓడిపోయారు. ఓడించినది పరాయివారు కాదు, స్వయానా బావమరిది, కమ్యూనిస్టు నాయకులు శ్రీ తరిమెల నాగిరెడ్డి గారు. ఒకే ఇంటి బంధువులు ఎదురెదురుగా నిలబడిన ఆ పోటీని జిల్లా ప్రజలు చాలా కాలం చెప్పుకున్నారు. తర్వాత ఆయన 1955లో శ్రీకాళహస్తి నుండి, 1962లో డోన్ నుండి శాసనసభకు వెళ్లారు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి ఉప ముఖ్యమంత్రి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ కు మొదటి ముఖ్యమంత్రి, 1960లో అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షులు, 1962లో మళ్లీ ముఖ్యమంత్రి. ఇన్ని పదవులు వచ్చినా, ఓడించిన జిల్లా ముందుకు తిరిగి అభ్యర్థిగా రావడానికి మాత్రం పదిహేనేళ్లు పట్టింది.

ఈలోగా మరొక దెబ్బ. ఆయన హయాంలోనే 1958 జనవరి 11న మన రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. కర్నూలు జిల్లాలో బస్సు రూట్లను జాతీయం చేసినప్పుడు, రాజకీయ ప్రత్యర్థులను దెబ్బ తీయడానికే ఆ జిల్లాను ముందు ఎంచుకున్నారని ప్రైవేటు బస్సు యజమానులు ఆరోపించి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ముఖ్యమంత్రి మీద నేరుగా ఆరోపణ వచ్చినా ఆయన స్వయంగా ప్రమాణపత్రం దాఖలు చేయలేదు. దాంతో ఆరోపణకు ఖండన లేనట్టేనని కోర్టు వ్యాఖ్యానించింది. మెమోకు సంజాయిషీ ఇవ్వకపోతే ఏమవుతుందో మన సర్వీసులో అందరికీ తెలిసిందే. సంజీవరెడ్డి గారు సాకులు వెతకలేదు. 1964 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆ ఏడాదే శ్రీ లాల్ బహదూర్ శాస్త్రి గారి మంత్రివర్గంలో ఉక్కు, గనుల శాఖ చేపట్టారు. 1966లో శ్రీమతి ఇందిరాగాంధీ గారి ప్రభుత్వంలో రవాణా, విమానయాన శాఖలు చూశారు. అప్పుడాయన రాజ్యసభ సభ్యులు.

అటువంటి సమయంలో 1967 ఎన్నికలు వచ్చాయి. అభ్యర్థి జిల్లావాడే, కాని ఇల్లూరు ఉన్నది అనంతపురానికి ఉత్తరాన. దక్షిణ తాలూకాల తీరు వేరు. హిందూపురం బజారులో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. బెల్లం, చింతపండు వ్యాపారం. సరుకు కొన్నా అమ్మినా చూపు బెంగళూరు వైపే. పెనుకొండ ఒకనాటి రాజధాని. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర ప్రభువులు చేరింది ఆ కొండ కిందికే. గగనమహలు, కోట గోడలు, బాబయ్య దర్గా ఆ వైభవానికి గుర్తులు. ధర్మవరం పట్టు మగ్గాల ఊరు, రైల్వే జంక్షను. అక్కడి నేతగానికి పట్టు ధర పెరిగితే దిగులు, రైతుకు వాన లేకపోతే దిగులు. చెరువులు నిండితే వరి, లేకుంటే వేరుశనగ, అదీ పండకపోతే వలస. 1965, 1966 సంవత్సరాలలో దేశమంతటా కరువు. ఇక మొదటి నుంచీ వాన తక్కువైన మన ప్రాంతం సంగతి చెప్పేదేముంది!

పార్లమెంటు అభ్యర్థి ఇటువంటి చోటును తెలుసుకోవడమంటే ఊళ్ల పేర్లు బట్టీ పట్టడం కాదు. ఏ చెరువుకు ఏ వాగు ఆధారమో, ఏ ఊరివాళ్లు ఏ సంతకు వెళతారో ఎరుక ఉండాలి. సంజీవరెడ్డి గారికి ఒక సౌకర్యం ఉంది. ఆయన రైతు. నంది కొండల్లో పుట్టిన పెన్న హిందూపురం వైపు నుంచే జిల్లాలో ప్రవేశించి ఆయన ఊరి దిక్కుకు పారుతుంది. పైన వాన లేకపోతే కింద ఏరు ఎండుతుందని ఆయనకు ఎవరూ నేర్పనక్కరలేదు.

అప్పట్లో శాసనసభకు, లోక్ సభకు ఓట్లు కలిసే జరిగేవి. కాంగ్రెసు గుర్తు కాడెద్దులు. దేశంలో అనేక రాష్ట్రాలలో కాంగ్రెసుకు ఎదురుగాలి వీచినా హిందూపురం సంజీవరెడ్డి గారిని గెలిపించింది. 1952లో కాదన్న జిల్లా 1967లో అక్కున చేర్చుకుంది.

1967 మార్చి 17న ఆయన లోక్ సభ స్పీకరుగా ఎన్నికయ్యారు. ప్రతిపక్షాల తరఫున పోటీ చేసినది కూడా తెలుగువారే, విశాఖకు చెందిన శ్రీ తెన్నేటి విశ్వనాథం గారు. స్పీకరు కాగానే సంజీవరెడ్డి గారు కాంగ్రెసు సభ్యత్వం వదులుకున్నారు. రాష్ట్రపతి ప్రసంగం జరిగిన రోజే అవిశ్వాస తీర్మానంపై చర్చకు అనుమతించారు. షెడ్యూల్డు కులాల, తెగల సంక్షేమానికి పార్లమెంటరీ సంఘం ఏర్పడింది కూడా ఆయన కాలంలోనే. అయితే ఓటర్ల వైపు నుంచి ఒక మాట చెప్పుకోక తప్పదు. స్పీకరు స్థానంలో కూర్చున్నవారు సభలో ప్రశ్న వేయరు. మగ్గం గురించో, చెరువు గురించో లేచి అడగవలసిన మన సభ్యుడు, అందరినీ అడగనిచ్చే పెద్దమనిషి అయ్యారు. గౌరవం దక్కింది, గొంతు తగ్గింది. ఈ రెండింటిలో ఏది ఎక్కువో నాటి ఓటర్లకే తెలియాలి.

1969 జూలై 19న స్పీకరు పదవి వదిలి రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. పార్టీ అధికారిక అభ్యర్థి అయి ఉండీ శ్రీ వి.వి.గిరి గారి చేతిలో ఓడిపోయారు. తర్వాత అనంతపురం వచ్చి సేద్యం చేసుకున్నారు. 1977లో జనతా పార్టీ తరఫున నంద్యాలలో గెలిచారు. రాష్ట్రంలో కాంగ్రెసుకు దక్కని ఒకే ఒక స్థానమది. మళ్లీ స్పీకరు అయ్యారు. ఆ జూలైలో పోటీ లేకుండా రాష్ట్రపతిగా ఎన్నికయ్యారు. అలా ఎన్నికైన వారు ఇంతవరకు మరొకరు లేరు. 1982లో పదవీ విరమణ చేసి, 1996 జూన్ 1న బెంగళూరులో కన్నుమూశారు.

శ్రీశైలం జలాశయానికి నీలం సంజీవరెడ్డి సాగర్ అని పేరు. ఆ నీరు హంద్రీ-నీవా కాలువల ద్వారా ఎత్తిపోతలతో 2016లో పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయానికి చేరింది. 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఉన్నాయి. స్పీకరు కుర్చీలో ఉండి తన నియోజకవర్గం కోసం అడగలేకపోయిన పెద్దమనిషి పేరుగల జలాశయం నుంచి, అర్ధ శతాబ్దం తర్వాత ఆ ప్రాంతానికి నీళ్లు వచ్చాయి. గొల్లపల్లి గట్టు మీదికి మనుమలను తీసుకువెళ్లినప్పుడు ఈ నాలుగు మాటలు చెబితే ఆయనకు మనం చేసే నివాళి అదే.