ముద్దుపళని పీఠికను తొలగించిందెవరు?

పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరును ఏలింది మరాఠా రాజులే అయినా ఆ కొలువులో తెలుగు కావ్యానికి పెద్దపీట ఉండేది. ప్రతాపసింహుని ఆస్థానంలోని దేవదాసి ముద్దుపళని అక్కడే ‘రాధికా సాంత్వనము’ రచించింది. సప్తపదాలు కూర్చింది, ఆండాళ్ తిరుప్పావైని తెనిగించింది. కావ్య పీఠికలో వంశం చెప్పుకుంటూ తన విద్వత్తును నాయనమ్మ తంజనాయకి, మేనత్తల వారసత్వంగా ప్రకటించుకుంది. తండ్రి తాతల గోత్రనామాలతో మొదలయ్యే కావ్య సంప్రదాయంలో ఇది చిన్న విషయం కాదు.

కావ్యకథ తెలిసిందే. తాను పెంచిన ఇళను రాధ స్వయంగా కృష్ణుడికిచ్చి పెళ్లి చేస్తుంది. ఆపై విరహంతో, అసూయతో రగిలిపోతుంది. చివరికి కృష్ణుడే వచ్చి ఆమెను బతిమాలుకోవాలి. శృంగారంలో చొరవ రాధది. పురుష కవుల నాయికకు అంతగా దక్కని చొరవ అది.

కందుకూరి వీరేశలింగం కవుల చరిత్రలో ఆమె పాండిత్యాన్ని ఒప్పుకున్నాడు. కానీ వేశ్య గనుక స్త్రీకి సహజమైన సిగ్గు లేకుండా రాసిందని తేల్చాడు. ఇక్కడ తీర్పు పద్యం మీద కాదు, పుట్టుక మీద. అంతకుముందు వెంకటనరసు అచ్చువేసిన ప్రతిలో పీఠికే లేదు, కొన్ని పద్యాలూ మాయమయ్యాయి. అశ్లీలతే అభ్యంతరమైతే వంశకథనం ఎవరికి అడ్డొచ్చింది?

ఈ కోతను గుర్తించింది మరో దేవదాసి, బెంగుళూరు నాగరత్నమ్మ. వ్రాతప్రతి సంపాదించి 1910లో వావిళ్ల వారి ద్వారా పూర్తి కావ్యాన్ని ప్రచురించింది. సిగ్గు స్త్రీలకేనా అని నిలదీసింది. సారంగు తమ్మయ్య ‘వైజయంతీ విలాసము’ను పాఠ్యగ్రంథంగా ఆమోదించిన పంతులుకు అందులోని శృంగారం కనబడలేదా అని అడిగింది. అదీ ఒక దేవదాసి కథే కావడం గమనార్హం. సమాధానం ప్రభుత్వం నుంచి వచ్చింది: పుస్తకం మీద నిషేధం.

దేవదాసీ వ్యవస్థను కీర్తించడం నా ఉద్దేశం కాదు. దేవదాసి తల్లికి పుట్టిన ముత్తులక్ష్మీ రెడ్డే దాని రద్దుకు పోరాడారు. అయితే వ్యవస్థను తప్పుపట్టడం వేరు, దానిలో పుట్టిన స్త్రీ విద్యను చెరిపేయడం వేరు. నేడు ముద్దుపళనిని తొలి స్త్రీవాదిగా మెచ్చుకునే మన వ్యాసాలు కూడా కులం దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గిస్తాయి. అదీ ఒక రకంగా పీఠిక లేని ముద్రణే.

టంగుటూరి ప్రకాశం చొరవతో నిషేధం తొలగింది. దేవదాసీ అంకితాన్ని నిషేధించే మద్రాసు చట్టం వచ్చింది 1947లో. కావ్యం వావిళ్ల ముద్రణగా 1952లో మళ్లీ వెలువడింది. నాగరత్నమ్మ కన్నుమూసిందీ ఆ ఏడాదే.