అయితే పూర్తిగా, లేదంటే అసలే లేదు

తిరుమల దర్శనం టికెట్ ఫోన్‌లో బుక్ చేస్తే లోపల రెండు వేర్వేరు సిస్టమ్‌లు కలిసి పనిచేయాలి: టికెట్లది ఒకటి, బ్యాంకుది ఒకటి. డబ్బు పోయి టికెట్ రాకపోతే? ఇలాంటి సగం పనులు మిగలకూడదని జీవితమంతా పనిచేసినాయన జిమ్ గ్రే.

1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టారు. బర్కిలీలో కంప్యూటర్ సైన్స్‌లో మొదటి పీహెచ్‌డీ ఆయనదే, 1969లో. తర్వాత ఐబీఎం, టాండెం, మైక్రోసాఫ్ట్‌లలో పనిచేశారు.

మిడిల్‌వేర్‌లో మనం చదివే టూ-ఫేజ్ కమిట్‌ను 1978 నాటి తన నోట్స్‌లో వివరించారు. మధ్యలో ఉండే కోఆర్డినేటర్ ముందు ప్రతి సిస్టమ్‌నీ సిద్ధమేనా అని అడుగుతుంది. అందరూ సరేనంటేనే పని ఖాయం, ఒక్కరు కాదన్నా అంతా రద్దు. పెళ్ళిమాటల్లాగే అనిపించింది నాకు. ఇప్పటి పేమెంట్లు చాలావరకు రీఫండ్ దారిలో పోతాయి, అయినా మూలసూత్రం అదే.

1998లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. నాలుగేళ్ళ ముందు అదే అవార్డు అందుకున్నవాళ్ళలో మన కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు ఉన్నారు.

2007 జనవరి 28న తల్లి అస్థికలు కలపడానికి ఒక్కరే పడవలో ఫరలాన్ దీవుల వైపు వెళ్ళారు. తిరిగి రాలేదు. కోస్ట్‌గార్డ్ వెతికింది. వేలమంది వాలంటీర్లు ఉపగ్రహ చిత్రాలు ముక్కముక్కగా చూశారు. ఏమీ దొరకలేదు.

టూ-ఫేజ్ కమిట్‌లో ఒక చిక్కుంది. అందరూ సరేనన్నాక కోఆర్డినేటర్ పలక్కపోతే, మిగతావాళ్ళు అటూ ఇటూ తేల్చుకోలేక కాచుకోనుండాల్సిందే. ఆయన ఇంట్లోవాళ్ళు అలానే అయిదేళ్ళు కాచుకున్నారు. 2012లో కోర్టు ఆయన చనిపోయినట్టు ప్రకటించింది.