వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు

విజయవాడకు చేరువను, కృష్ణానదికి దక్షిణమున మంగళగిరి యను పుణ్యక్షేత్రము కలదు. కొండమీద పానకాలస్వామియు, కొండక్రింద లక్ష్మీనరసింహస్వామియు అచ్చట కొలువై యున్నారు. దిగువ ఆలయమునకు పదునొకండు అంతస్తుల గాలిగోపురము కలదు. దాని ఎత్తు 153 అడుగులు. 1807-09 సంవత్సరముల నడుమ దానిని కట్టించిన ప్రభువు రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు. ఈతని పేరు వినగానే దానధర్మములును, దేవాలయములును తలపునకు వచ్చును. అయితే ఈతని చరిత్రమున ఒక నెత్తుటి మరకయు కలదు. రెంటిని కలిపి చదివినప్పుడే ఆ కాలము మనకు బోధపడును.

వేంకటాద్రి నాయుడు 1761లో జన్మించెను. 1783లో చింతపల్లి జమీందారీ ఆతని వశమయ్యెను. అప్పటికి గుంటూరు సీమ నిజాము ఏలుబడిలో నుండెను. 1788లో అది ఈస్టిండియా కంపెనీ వారి చేతిలోనికి వచ్చెను. పైనున్న ప్రభువులు మారిరి గాని పల్లెలలోని పద్ధతి మారలేదు. జమీందారు రైతులవద్ద శిస్తు వసూలు చేసి, అందు కొంత భాగమును పై ప్రభుత్వమునకు చెల్లింపవలెను. తగవులు తీర్చుటయు, దొంగలను పట్టుటయు, దండించుటయు ఆతని పనులే. ఇందులకై ఆతడు సొంత బలగమును పోషించుచుండెను. మొర వినువాడును, తీర్పు చెప్పువాడును, కత్తి దూయువాడును ఒక్కడే యైనచోట బలహీనునకు దిక్కెవ్వరు?

కొంతకాలమునకు నాయుడు చింతపల్లిని విడిచి, అమరేశ్వరుని సన్నిధిని అమరావతీ నగరమును నిర్మింప దొడగెను. కట్టడములకు రాళ్లు కావలసివచ్చెను. సమీపమున నున్న దీపాలదిన్నెను త్రవ్వగా చెక్కడపు పలకలు బయల్పడెను. అది ప్రాచీన బౌద్ధస్తూపము. కర్నల్ మెకంజీ వచ్చి చూచిన పిమ్మటనే దాని విలువ లోకమునకు తెలిసెను. అహింసను బోధించిన మహనీయుని స్తూపపు రాళ్లు రాజభవనముల గోడలలో చేరుట కాలవైపరీత్యము గదా!

పడమట నల్లమల అడవులు కలవు. చెంచులు ఆ యడవి బిడ్డలు. వేటయు, తేనెయు, దుంపలును వారి జీవనాధారము. వారిలో కొందరు జమీందారీ గ్రామములపై బడి ధాన్యమును, పశువులను దోచుకొనుచుండిరనియు, రైతులు ప్రభువుతో మొరపెట్టుకొనిరనియు చెప్పుదురు. ఆతడు చెంచులను విందునకు పిలిపించి, నమ్మి వచ్చిన వారిని నరికించెనని ఈ ప్రాంతమున తరతరములుగా వినబడుచున్న కథ. అమరావతి సమీపమునందలి నరుకుళ్లపాడు గ్రామమునకు ఆ పేరు అందువలననే వచ్చినదందురు.

బాలలారా! ఇచ్చట కొంచెము ఆగి ఆలోచింపుడు. ఏడాది పంట పోగొట్టుకొన్న రైతు దుఃఖము చిన్నది కాదు. దోపిడి నేరమే. దానిని అరికట్టుట ప్రభువునకు ధర్మమే. కాని దోచినవానిని శిక్షించుట వేరు, ఒక జాతినే శిక్షించుట వేరు. ఆ విందునకు వచ్చినవారిలో దోషి యెవ్వడో, నిర్దోషి యెవ్వడో విచారించినవారు లేరు. అడవి విడిచి పల్లెలపై పడుటకు వారిని పురికొల్పినది ఆకలియా, పగయా యని అడిగినవారును లేరు. అడుగని ప్రశ్నకు కత్తి జవాబు చెప్పెను.

ఆ దినము మొదలు నాయునికి మనశ్శాంతి కరవయ్యెననియు, భోజనమునకు కూర్చున్నచో అన్నము పురుగులవలె కనబడెననియు పెద్దలు చెప్పుదురు. ఆతడు అమరేశ్వరుని పాదములు పట్టెను. చేబ్రోలు మొదలగు అనేక స్థలములందు ఆలయములు కట్టించెను. మంగళగిరి గోపురమును నిలిపినది నరసింహస్వామికి. ఆ స్వామి చెంచులక్ష్మిని పెండ్లాడెనని చెంచులు నమ్ముదురు. ఆయనను తమ యింటి అల్లునిగా భావింతురు. చెంచుల నెత్తురు చిందించెనన్న అపకీర్తి మోసిన ప్రభువు, చెంచుల అల్లునికే గోపురము కట్టించెను. గోపురము నిలిచినది గాని పోయిన ప్రాణములు మరలి రాలేదు. వారి పేర్లు ఏ శాసనమునను లేవు.

1802లో కంపెనీవారు శాశ్వత పైకము విధించి జమీందారుల అధికారమును కుదించిరి. వేంకటాద్రి నాయుడు 1816లో మరణించెను. ఆతని దత్తపుత్రులు జగన్నాథబాబు, రామనాథబాబు. ఆస్తికై పుట్టిన వివాదము లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయి, 1846లో తీర్పు వచ్చునప్పటికి ముప్పది యేండ్లు గడచెను. ఆ వ్యాజ్యమునకు ధనము నీళ్లవలె ఖర్చయ్యెను. కాని ఆ తగవు కత్తులతో గాక కాగితములతో సాగెను. ఏలయన వారి మాట వినుటకు ఒక న్యాయస్థానము ఉండెను. చెంచులకు అట్టి చోటు లేకపోయెను. వ్యత్యాసమంతయు ఇందే యున్నది.

మరియొక శతాబ్ది గడచినను ఈ పాఠమును పాలకులు నేర్వలేదు. అడవిపై ఆంక్షలు పెట్టి, కూలి సరిగా ఈయక మన్యము వారిచే బాటలు వేయించిరి. వారి మొర వినువారు లేరైరి. తుదకు 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున తిరుగుబాటు లేచి, 1924 వరకు మన్యము అట్టుడికెను. పరపాలన నుండి బయటపడిన అనేక దేశములలో నేటికిని అంతఃకలహములు రగులుట చూచుచున్నాము. వాని మూలమును వెదకినచో పలుచోట్ల ఇదియే కనబడును: ఒకవైపు ఆకలి, అవమానము, వేరొకవైపు చెవి లేని అధికారము.

ఏ జాతియు పుట్టుకతో క్రూరమైనది కాదు. న్యాయము అడుగుటకు తావు లేనప్పుడు మనుష్యుడు ఆయుధమువైపు చూచును. కావున పశ్చాత్తాపముతో కట్టిన వేయి గోపురములకంటె, సకాలమున విన్న ఒక్క మొర మిన్న.